ఫిఫ్టీ కొనాలా, ఎయిటీఫైవ్ కొనాలా? ముందు టేపు తీసుకుని మీ హాలు కొలవండి

బ్రదర్, మీరు అడిగింది ఇదీ. చేతిలో కానన్ 200డి మార్క్ 2 కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. మద్రాసు షోళింగనల్లూర్‌లో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్, పాపకు ఎనిమిదో నెల, బడ్జెట్ 30,000. పాపవీ, ఇంట్లోవాళ్ళవీ వెనకంతా బ్లర్ అయిన ఫొటోలు కావాలి. యూట్యూబ్‌లో అందరూ 85 ఎంఎం లెన్స్ అంటున్నారు (ఈ అంకె పెరిగే కొద్దీ ఫ్రేమ్‌లో తక్కువ పడుతుంది, మనిషి దగ్గరగా కనపడతాడు), ఆఫీసులో ఫ్రెండ్ 50 చాలంటున్నాడు, ఇంకొకాయనేమో తొందరపడకుండా డబ్బులు కూడబెట్టి ఎఫ్1.2 లెన్స్ (ఎఫ్ అంకె తగ్గే కొద్దీ వెలుతురు, బ్లర్ ఎక్కువ) కొనుక్కోమన్నాడు. ఎవరి మాట వినాలి?

ఆఫీసు ఫ్రెండ్ మాట వినండి. ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్టీఎం తీసుకోండి, పదివేలకు అటూఇటూగా వస్తుంది, మిగిలిన డబ్బులు ఎక్కడ పెట్టాలో కింద చెప్తాను. కానీ ఎందుకో తెలియకుండా కొంటే ఆర్నెల్లు తిరక్కుండానే ఇదే అనుమానం మళ్ళీ మొదలవుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. నేను నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళే ఎక్కువ చేస్తుంటాను, ఈ విషయంలో చేయాల్సిన తప్పులన్నీ సొంత డబ్బుతోనే చేశాను.

టేపు ఎందుకన్నానంటే, లెన్స్ కొనేటప్పుడు అందరూ ఎఫ్ పక్కనున్న అంకె చూస్తారు గానీ, ఫొటో తీసేవాడు ఎక్కడ నిలబడాలి, అక్కడ నిలబడటానికి అసలు చోటుందా అన్నది చూడరు. మీది క్రాప్ బాడీ, అంటే లోపల ఫొటో పడే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాల సెన్సర్ కన్నా చిన్నది, కానన్‌లో 1.6 రెట్లు లెక్క. అంటే 50 వేస్తే ఫుల్ ఫ్రేమ్ మీద 80 వేసినట్టు, 85 వేస్తే 136 వేసినట్టు ఫ్రేమ్ బిగుసుకుంటుంది. యూట్యూబ్‌లో పోర్ట్రెయిట్ అంటే ఎయిటీఫైవే అని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫుల్ ఫ్రేమ్ బాడీ. వాళ్ళకు 85లో వచ్చే ఫ్రేమ్ మీకు 50లోనే వచ్చేస్తుంది. సగం గొడవ ఇక్కడే తీరిపోవాలి నిజానికి.

ఇప్పుడు కెమెరా నిలువుగా పట్టుకుని లెక్క వేద్దాం. తలా భుజాలూ వచ్చేలా, అంటే ఓ 60 సెంటీమీటర్ల ఎత్తు ఫ్రేమ్‌లో పట్టాలంటే 50తో సుమారు నాలుగున్నర అడుగుల దూరంలో నిలబడాలి, 85తో ఎనిమిది అడుగులు. నడుము దాకా కావాలంటే 50కి ఏడున్నర అడుగులు, 85కి 13. చీర అంచు, కాళ్ళ పట్టీలు కూడా కనపడేలా నిలువెత్తు ఫొటో అయితే 50కి 15 అడుగులు, 85కి ఏకంగా 25 అడుగులు.

మీ వైపు ఫ్లాట్లలో హాలు పొడుగు మహా అయితే 16 అడుగులు ఉంటుంది. మీ ఆవిడను గోడకు అతుక్కోకుండా ఓ మూడడుగులు ముందుకు రమ్మంటారు, మీ వెనక టీవీ స్టాండు ఒకటిన్నర అడుగు తింటుంది, మీరు కెమెరా పట్టుకుని నిలబడటానికి ఇంకో అడుగు. మిగిలింది పదిన్నర. ఆ పదిన్నరలో 50తో నడుము దాకా హాయిగా వస్తుంది. 85తో తలా భుజాలూ తప్ప ఇంకేం రాదు. పాప కింద కూర్చుని గిన్నెలు వాయిస్తుంటే చుట్టూ ఆ గిన్నెలతో సహా అడ్డంగా ఒక ఫొటో తీయాలంటే 85కి 15 అడుగులు వెనక్కి జరగాలి, అంటే బాల్కనీ గ్రిల్ పట్టుకుని అవతలికి వేలాడాలి.

ఇది నేను అనుభవించి చెప్తున్నదే. మొదట్లో నాదీ క్రాప్ బాడీయే, ఎవరో చెప్పారని దాని మీదికి 85 కొన్నాను. అప్పట్లో వేళచ్చేరిలో చిన్న ఇల్లు. అమ్మ నెల్లూరు నుంచి వచ్చింది, వంటగది గుమ్మంలో నిలబెట్టి ఒక మంచి ఫొటో తీద్దామని చూస్తే ఫ్రేమ్‌లో ముఖం తప్ప ఏం పట్టదు. ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ హాలు దాటి, గుమ్మం దాటి, చివరికి మెట్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడి నుంచి “అమ్మా ఇటు చూడు” అని అరుస్తుంటే పైవాటా ఆయన పాలప్యాకెట్లు పట్టుకుని మా ఇద్దరి మధ్యలోంచి నడిచి వెళ్ళాడు. అమ్మ ఆయన్ని చూసి కొంగు సర్దుకుంది, నేను నొక్కింది అప్పుడే. అదొక్కటే ఆ రోజు బాగా వచ్చిన ఫొటో, అది వేరే సంగతి. కానీ ఎనిమిది నెలల పాపను మెట్ల దగ్గరి నుంచి పిలిస్తే చూడదు, పాక్కుంటూ మీ దగ్గరికే వచ్చేస్తుంది. చంటిపిల్లలను తీసేవాడికి చేయి చాపితే అందేంత దూరం కావాలి.

ఇక బ్లర్ సంగతి. ఎఫ్1.8 అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకుంటారు, ఏం లేదు, ఫోకల్ లెంగ్త్‌ని, అంటే 50, 85 అనే ఎంఎం అంకెని, ఎఫ్ పక్కనున్న అంకెతో భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే కన్నం వెడల్పు వస్తుంది. 50ని 1.8తో భాగించండి, 28 మిల్లీమీటర్లు. మన పదిరూపాయల బిళ్ళ 27, దాదాపు అంత. ఇప్పుడు తమాషా ఏంటంటే, వెనకాల చాలా దూరంలో ఉన్న దీపం ఏదైనా సరే, ఫొటోలో మనిషి ముఖం పక్కన సరిగ్గా ఆ కన్నమంత గుండ్రంగా విచ్చుకుంటుంది. అంటే 50 ఎఫ్1.8తో తీస్తే మీ ఆవిడ చెంప పక్కన పదిరూపాయల బిళ్ళలు పేర్చినట్టు. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్5.6 కదా, కన్నం పది మిల్లీమీటర్లు కూడా రాదు, కాబూలీ శనగ గింజంత బిళ్ళలు. 85 ఎఫ్1.8కి 47, నిమ్మకాయంత. 85 ఎఫ్1.4కి 61, ఎఫ్1.2కి 71. ఈ లెక్కకు క్రాప్ బాడీ, ఫుల్ ఫ్రేమ్ అన్న తేడా లేదు, ముఖంతో పోల్చుకుంటే బిళ్ళ సైజు అంతే.

ఒక చిన్న రహస్యం చెప్తాను. మీ ఫ్రెండ్స్‌లో ఎవరి దగ్గరైనా 55-250 టెలీ లెన్స్ మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకోండి. 250 దగ్గర ఎఫ్5.6, భాగిస్తే 45 మిల్లీమీటర్లు. 85 ఎఫ్1.8 ఇచ్చే నిమ్మకాయలే ఇదీ ఇస్తుంది! కాకపోతే 20 అడుగులకు పైగా దూరం నుంచి తీయాలి, వెలుతురు బాగా ఉండాలి. బీచ్‌లో, పార్కులో సాయంత్రం పూట దీంతో తీసి చూపిస్తే ఏ లెన్స్ అని అడుగుతారు జనం.

అయితే ఈ బిళ్ళల లెక్కంతా వెనకాల దూరం ఉంటేనే. మనిషి వెనక అడుగు దూరంలో గోడ ఉందనుకోండి, 50 ఎఫ్1.8తో తలా భుజాలూ తీస్తే ఆ గోడ మీది మచ్చ విచ్చుకునేది అయిదే అయిదు మిల్లీమీటర్లు. గోడకున్న క్యాలెండర్ మీద తేదీలు చదవలేకపోవచ్చు గానీ అది క్యాలెండర్ అని మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అదే చోట లక్ష పైన పెట్టి కొన్న 50 ఎఫ్1.2 వేసినా ఏడున్నర మిల్లీమీటర్లే. అలాకాకుండా మనిషిని తిప్పి, వెనక పది అడుగుల అవతల వంటగదో బాల్కనీయో వచ్చేలా కూర్చోబెడితే మీ పదివేల లెన్స్‌తోనే 19 మిల్లీమీటర్లు వస్తుంది. కుర్చీ జరిపితే నాలుగు రెట్లు బ్లర్ వస్తుంటే, లక్షలు పెట్టి ఒకటిన్నర రెట్లు ఎందుకండీ? బ్లర్ రావట్లేదని నాకు ఫొటోలు పంపేవాళ్ళలో పదికి తొమ్మిది మంది మనిషిని గోడకు ఆనించి తీసినవాళ్ళే.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఓపెన్‌లో, అంటే కన్నం పూర్తిగా తెరిచి కొట్టడం. కొత్తగా ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కొన్న ప్రతివాడూ మొదటి రెండు నెలలు ఎఫ్1.8 నుంచి కదలడు, నేనూ అంతే, నాకైతే అది పెళ్ళిలో జరిగింది. 2014 మాట, టి.నగర్‌లో ఒక కల్యాణ మండపం, ఫుల్ ఫ్రేమ్ బాడీ కొత్తగా కొన్నాను, దానికి 85 ఎఫ్1.4 అద్దెకు తెచ్చుకున్నాను. జీలకర్ర బెల్లం ముహూర్తం. వీడియోవాళ్ళు ముందే చోటు పట్టేశారు, నాకు పెళ్ళికొడుకు భుజం వైపు రెండున్నర మీటర్ల దూరంలో సందు దొరికింది. తెర దించారు, బాజాలు ఒక్కసారిగా లేచాయి, నేను ఎఫ్1.4లోనే టపటపా పదిహేను ఫొటోలు కొట్టాను. ఆ దూరంలో ఆ లెన్స్ పట్టే ఫోకస్ లోతు, అంటే ముందూ వెనకా పదునుగా వచ్చే మేర, ఏడు సెంటీమీటర్లు, మన అరచేయి వెడల్పు కన్నా తక్కువ. పెళ్ళికూతురు అతనికి ఇంకో అడుగు అవతల ఉంది.

రాత్రి లాప్‌టాప్‌లో వేసి చూస్తే పెళ్ళికొడుకు బాసికం మీది పూసలు లెక్కపెట్టొచ్చు, చెవి వెనక ఆరని సున్నిపిండి కూడా కనపడుతోంది. పెళ్ళికూతురు కళ్ళు మాత్రం నీళ్ళల్లో చూసినట్టు కరిగిపోయాయి. పదిహేనుకి పదిహేనూ అంతే. ఆల్బమ్ ఇచ్చిన రోజు వాళ్ళ నాన్నగారు ఏం కోప్పడలేదు, ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, “మా అమ్మాయి అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది బాబూ” అన్నారంతే. తిట్టినా బాగుండేది.

కాబట్టి మీ బాడీకి, మీ 50కి లెక్క చెప్తాను. నాలుగున్నర అడుగుల దూరంలో తలా భుజాలూ తీస్తే ఎఫ్1.8 దగ్గర ఫోకస్ లోతు అయిదు సెంటీమీటర్లు. కన్ను మీద పెడితే కళ్ళు, ముక్కు వస్తాయి, చెవులు మెత్తబడతాయి, అందంగానే ఉంటుంది. ఎఫ్2.8కి పెడితే ఎనిమిది సెంటీమీటర్లు. పాప ముఖం ఒక్కటే ఫ్రేమ్ నిండా కావాలని రెండడుగుల దగ్గరికి వెళ్ళారో, ఎఫ్1.8లో మిగిలేది ఒక సెంటీమీటరు కూడా కాదు, ఒక కన్ను వస్తే రెండోది పోతుంది. పైగా పాప కదులుతుంది, మీరూ ఊగుతుంటారు. అందుకని ఒక్కరుంటే ఎఫ్2 లేదా 2.2, ఇద్దరుంటే 2.8 నుంచి 4, పాపకు బాగా దగ్గరికి వెళ్ళినప్పుడు 3.5 నుంచి 4, తాతయ్య వాళ్ళందరితో గ్రూప్ అయితే 5.6. ఇద్దరిని తీసేటప్పుడు ఇద్దరి ముఖాలూ మీ నుంచి ఒకే దూరంలో ఉండేలా తలలు దగ్గరికి చేర్చండి, అప్పుడు 2.8 కూడా చాలు.

“మరి 2.8లో తీసేదానికి 1.8 లెన్స్ ఎందుకు” అని మీరు అడిగేలోపే చెప్తాను. మీ కిట్ లెన్స్ 50 దగ్గర ఎఫ్2.8 ఇవ్వలేదు. ఇంకోటి, ఏ లెన్స్ అయినా పూర్తిగా తెరిచినప్పటి కన్నా ఒకటి రెండు మెట్లు (ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది) మూసినప్పుడే పదునుగా ఉంటుంది, ఈ ఫిఫ్టీ అయితే ఎఫ్2.8 దగ్గర కొట్టే పదును చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, వ్యూఫైండర్‌లో చూస్తూ ఫోకస్ చేస్తే మీ బాడీకి తొమ్మిదే పాయింట్లు, మధ్యలోది ఒక్కటే గట్టిది. మధ్య పాయింటుతో కన్ను మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత కెమెరా పక్కకు తిప్పి ఫ్రేమ్ సర్దుకునే పాత అలవాటు ఎఫ్1.8 దగ్గర ముంచుతుంది, ఆ కాస్త తిప్పుడులోనే కన్ను ఫోకస్‌లోంచి జారిపోతుంది. స్క్రీన్ తిప్పుకుని లైవ్ వ్యూలో తీయండి, కన్ను కనిపెట్టే ఫోకస్ ఆన్ చేయండి. మీ బాడీ ఆ విషయంలో బంగారం. సెన్సర్ మీదే ఫోకస్ చూస్తుంది కాబట్టి లెన్స్ ఫోకస్ కంటికి ముందుకో వెనక్కో పడే జబ్బు ఉండదు. పాప కింద పాకుతుంటే మీరు నేల మీద పడుకోకుండా కెమెరా ఒక్కటే కిందికి దించొచ్చు, నడుముకూ మంచిది.

వెలుతురు విషయంలో ప్రైమ్ చేసే మేలు బ్లర్ కన్నా పెద్దది, దాన్ని ఎవరూ పొగడరు పాపం. రాత్రి పూట ట్యూబ్‌లైట్ కింద కిట్ లెన్స్ ఎఫ్5.6తో 1/125 సెకను షట్టర్‌లో తీయాలంటే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటో కాంతి పెంచే అంకె) 6400 దాకా పోవాలి, ఆ బాడీలో అంతంటే ముఖం మీద ఉప్మా రవ్వ చల్లినట్టు ఉంటుంది. ఎఫ్1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుతురు పడుతుంది, అదే ఫొటో 640లో అయిపోతుంది. షట్టర్ మాత్రం తగ్గించకండి, ఈ లెన్స్‌లో చేతి వణుకు సర్దే స్టెబిలైజర్ లేదు, మీ బాడీలోనూ లేదు. కదలని పెద్దవాళ్ళకు 1/125, పాపకు 1/250, పరిగెత్తే వయసొచ్చాక 1/500. చవక ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోకీ ఫొటోకీ రంగు మారుతున్నా, అడ్డంగా చారలు వస్తున్నా 1/100కి పెట్టి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపాలు సెకనుకు వందసార్లు కొట్టుకుంటాయి.

పగటి ఎండలో దీనికి పూర్తిగా రివర్స్. ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్16కి 1/100 అన్నది ఫిల్మ్ కాలం నాటి నిండు ఎండ లెక్క. అక్కడి నుంచి ఎఫ్1.8కి వస్తే 1/8000 కావాలి, మీ బాడీ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. తెల్లచొక్కాలన్నీ తెల్లకాగితాలు అయిపోతాయి. నీడలోకి వెళ్ళండి, లేదా ఎఫ్2.8కి మూసేయండి. అసలు మద్రాసు మధ్యాహ్నం ఎవరైనా పిల్లలను బయట పెట్టి ఫొటోలు తీస్తారా చెప్పండి.

85తో ముఖం అందంగా వస్తుంది, 50తో ముక్కు పెద్దగా వస్తుంది అనే మాట గురించి రెండు ముక్కలు. ముఖం ఆకారం తేల్చేది లెన్స్ కాదు, మీరు నిలబడిన దూరం. సెల్ఫీలో ముక్కు ఉబ్బినట్టు కనపడేది ఫోన్ చేతి దూరంలోనే ఉంది కాబట్టి. మీ క్రాప్ బాడీలో 50తో తలా భుజాలూ తీసే నాలుగున్నర అడుగులు, ఫుల్ ఫ్రేమ్ మీద 85 వేసినవాడు నిలబడే చోటుకి జానెడు తేడా ఉంటుందంతే. ముక్కు ఎక్కడికీ పోదు. 35 వేసుకుని మూడడుగుల దగ్గరికి వెళ్తే అప్పుడు కొంచెం తెలుస్తుంది, 24తో ముఖానికి దగ్గరికి వెళ్తే బాగా తెలుస్తుంది.

ఎఫ్1.2 కోసం ఆగమన్నాయన గురించి. 1.8 నుంచి 1.2కి వెలుతురు రెండింతలకు కొంచెం పైన పెరుగుతుంది, ఐఎస్ఓలో ఒక్క మెట్టు. దానికోసం ఈఎఫ్ 85 ఎఫ్1.2 మోస్తే కిలో దాటుతుంది, ఫోకస్ నింపాదిగా వస్తుంది, పాకే పిల్లకు పనికిరాదు. మీ 50 ఎస్టీఎం 160 గ్రాములు, ఒక మామిడికాయంత ఉండదు, బ్యాగులో ఉందో లేదో తడుముకోవాలి. పైగా కానన్ కొత్త లెన్స్‌లన్నీ ఇప్పుడు ఆర్‌ఎఫ్ మౌంట్‌కే, అంటే మిర్రర్‌లెస్ బాడీల బిగింపుకే తెస్తోంది, మీ బాడీది పాత ఈఎఫ్ బిగింపు. ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్ వేసుకుంటే ఆ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి, నిజమే, కానీ ఇప్పుడు ఈఎఫ్‌లో పెద్ద డబ్బు పోయడం తెలివైన పని అనిపించుకోదు. ఆగడం కూడా దండగే. మీరు డబ్బులు కూడబెట్టేసరికి పాప స్కూలుకు వెళ్తుంటుంది.

ఇదే ప్రశ్న వేరే బాడీలవాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. నికాన్ డి3500, డి5600 లాంటివి ఉన్నవాళ్ళు పేరు చివర డి ఉన్న పాత 50 చవకగా వస్తోందని ఎగబడకండి, మీ బాడీలో ఫోకస్ మోటార్ లేదు, చేత్తో తిప్పుకోవాలి, ఏఎఫ్-ఎస్ అని ఉన్న 50 ఎఫ్1.8జి తీసుకోండి. సోనీ క్రాప్ బాడీలకు సిగ్మా 56 ఎఫ్1.4 కళ్ళు మూసుకుని కొనొచ్చు, 280 గ్రాములే. సోనీ ఫుల్ ఫ్రేమ్‌కి ఎఫ్‌ఈ 85 ఎఫ్1.8, 371 గ్రాములు, సిగ్మా ఆర్ట్ 85 ఎఫ్1.4 మీద మోజు ఉంటే 2020లో వచ్చిన డీజీ డీఎన్ చూడండి, పాత 2016 మోడల్ కిలో దాటిన బండరాయి, అది పట్టుకుని ఒక పెళ్ళి చేస్తే మర్నాడు మణికట్టుకు కట్టు కట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తానన్నారు. ఫిఫ్టీకైతే ఆ తిప్పలు వద్దు, కొత్తదే కొనండి. పాత మోడల్, 50 ఎఫ్1.8 మార్క్ 2, ఇంకా చవకగా తిరుగుతూ ఉంటుంది. 1990లో వచ్చింది అది, మౌంట్ ప్లాస్టిక్, ఫోకస్ చేస్తే మిక్సీ తిప్పినట్టు చప్పుడు, లోపల కన్నం మూసే బ్లేడ్లు అయిదే కాబట్టి కొంచెం మూస్తే దీపాలు గుండ్రంగా కాక పంచకోణాల్లా వస్తాయి. 2015లో వచ్చిన ఎస్టీఎంలో ఏడు గుండ్రటి బ్లేడ్లు, మౌంట్ లోహం. వేరే లెన్స్ ఏదైనా పాతది కొనాల్సి వస్తే ఫోన్ టార్చి ఒకవైపు నుంచి ఏటవాలుగా వేసి అవతలి వైపు నుంచి చూడండి. దుమ్ము రేణువులు నాలుగు ఉంటే ఉండనివ్వండి, సాలెగూడు లాంటి పోగులు కనపడితే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

ఆ పోగులే ఫంగస్. మద్రాసులో లెన్స్ వాడేవాడికి దొంగల కన్నా దాని భయమే ఎక్కువ. ఒక ఏడాది అక్టోబర్‌లో వానలు మొదలయ్యాక పెళ్ళిళ్ళు లేవని నా 85ని తోలు బ్యాగుతో సహా బీరువాలో, పట్టుచీరల పక్కన పెట్టేశాను. సంక్రాంతికి ముందు తీసి చూస్తే ముందు గాజు లోపల అంచు నుంచి మధ్యకు సన్నటి తెల్లటి వేర్లు, ముగ్గు వేసినట్టు. శుభ్రం చేయించడానికి అడిగిన డబ్బుతో ఇంకో సగం లెన్స్ వచ్చేది. చేయించినా ఆ గాజు మీద పూత దెబ్బతిన్న మరక ఇప్పటికీ ఉంది, ఎదురు వెలుతురులో తీస్తే ఫొటో పాలిపోతుంది.

మీకు డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సామాన్లకు వాడేది, పెద్దది ఒకటి తీసుకోండి, అందులో సిలికా జెల్ అరకిలో, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి. 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, జెల్ రంగు మారితే పెనం మీద వేయించి మళ్ళీ పెట్టండి. తోలు బ్యాగు, బీరువా, రెండూ వద్దు. అన్నిటికన్నా మంచి మందు, వారానికి ఒకసారైనా బయటికి తీసి వాడటం. ఏసీ గదిలోంచి సరాసరి బాల్కనీలోకి తెస్తే గాజు మీద ఆవిరి పట్టేస్తుంది, తుడవకండి, తుడిచిన కొద్దీ పడుతుంది, అరగంట ముందే బ్యాగులో పెట్టి బయట ఉంచితే ఆ గొడవ ఉండదు. బీచ్‌కి వెళ్ళే రోజు మాత్రం 49 ఎంఎం ఫిల్టర్ ఒకటి వేసుకోండి, ఉప్పుగాలి దాని మీద పడుతుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) విడిగా కొనాలి, కొనండి, కింద పడ్డప్పుడు ముందు పగిలేది అదే. ఈ లెన్స్ ఫోకస్ చేసేటప్పుడు ముందు గొట్టం కొంచెం బయటికి వస్తుంది, అలా వచ్చి ఉండగా బ్యాగులో కుక్కకండి.

మిగిలిన 20,000 గురించి. వెంటనే ఖర్చుపెట్టకండి అంటే వినరు కాబట్టి, ముందు స్టేషనరీ షాపులో ఒక పెద్ద థర్మాకోల్ షీటు కొనండి. పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కన పాపను కూర్చోబెట్టి, కిటికీకి ఎదురువైపు ఆ షీటు మీ ఆవిడను పట్టుకోమనండి, నీడ వైపు చెంప ఎలా వెలుగుతుందో చూడండి. తర్వాత తల పైకి తిరిగే ఫ్లాష్ ఒకటి, తెల్ల సీలింగ్ మీదికి కొట్టడానికి, రాత్రి ఫంక్షన్లకు దానికి మించింది లేదు. ఇంకా మిగిలితే ఈఎఫ్-ఎస్ 24 ఎఫ్2.8, బిస్కెట్ మందాన ఉంటుంది, మీ హాల్లో నిలువెత్తు ఫొటోలు ఏడడుగుల్లో వచ్చేస్తాయి.

ఇంకా మనసు 85 మీదే ఉందా? ఉంటుంది, నాకు తెలుసు. అయితే ఒక ఆదివారానికి ఈఎఫ్ 85 ఎఫ్1.8 అద్దెకు తెచ్చుకోండి. ఆధార్ జిరాక్స్, కొంత డిపాజిట్ అడుగుతారు, ముందు రోజు సాయంత్రమే తెచ్చుకుని ఇంట్లో ఫోకస్ సరిగ్గా కొడుతోందో లేదో చూసుకోండి. నాలుగున్నరకల్లా బెసంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కి వెళ్ళండి. మనకు సముద్రం తూర్పున కాబట్టి సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక, ఊరి వైపు దిగుతుంటాడు, సముద్రానికి వీపు పెట్టి మిమ్మల్ని చూసేవాళ్ళ ముఖం మీద మెత్తటి వెలుతురు పడుతుంది. వెనక అడ్డంకి లేని నీళ్ళు. మీ ఆవిడనూ పాపనూ కార్ల్ ష్మిత్ స్మారకానికి కాస్త ఎడంగా నిలబెట్టి, 85తో పదమూడు అడుగులు వెనక్కి నడవండి. అదే చోట అదే సాయంత్రం 50 కూడా పెట్టి ఏడున్నర అడుగుల నుంచి తీయండి. రెండూ ఇంటికొచ్చి టీవీలో వేసుకుని, ఏది ఏ లెన్సో చెప్పకుండా మీ ఆవిడను అడగండి. ఆవిడ బ్లర్ చూడదు, పాప నవ్విన ఫొటో ఏదో అదే బాగుందంటుంది, అందుకని రెండు లెన్స్‌లతోనూ పాపను నవ్వించడం మర్చిపోకండి, లేకపోతే పోటీ చెల్లదు.